తోక వచ్చేదాకా

ఆ ఆదివారం బయల్దేరే ముందు జరగాల్సిన పనులు ఇవి: టైర్లలో గాలి చూసుకోవాలి. బ్రేకులు పట్టి చూడాలి. పంక్చరు సామాను, మంచినీళ్ళు, రొట్టెలు ఎవరి సంచిలో ఉన్నాయో తేల్చుకోవాలి. ఏ దారిన వెళ్తున్నారో గేటు దగ్గర ఫారెస్టు గార్డుకు చెప్పాలి. ముందు ఎవరుంటారో, చివర ఎవరుంటారో అందరికీ చూపించాలి. కొత్తవాళ్ళకు మలుపుల సంగతి వివరంగా చెప్పాలి.

అన్నీ జరిగాయి. ఒక్కటి కూడా మరిచిపోలేదు. అందుకే ఆ సాయంత్రం జరిగినదానికి మతిమరుపు అన్న సాకు కూడా పిట్టకు మిగల్లేదు.

పిట్ట అన్నది ఇంట్లో పిలుపు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి ఆమె. ఉద్యోగం లైబ్రరీలో. సెలవురోజుల్లో సైకిళ్ళ బృందంతో కలిసి ప్రభుత్వ అడవిలో దారులు తిరుగుతుంది. అక్కడ చెట్ల మొదళ్ళకు వేసిన రంగు గీతలే దారి చెబుతాయి. పచ్చ గీత చదునుదారి, తెల్ల గీత గుట్టలెక్కే దారి. కానీ నాచు పట్టి చాలాచోట్ల ఆ గీతలు కనబడవు, ఫోన్లూ పలకవు. అందుకని బృందం ఒక పద్ధతి పెట్టుకుంది. దారి చీలిన ప్రతిచోటా, అందరికంటే ముందు వెళ్ళే లెక్కల మాస్టారి వెనకున్న మనిషి దిగి అక్కడే నిలబడాలి. వచ్చినవాళ్ళకల్లా ఎటు వెళ్ళాలో చెయ్యి చూపించాలి. నారింజరంగు కోటు వేసుకున్న చివరి మనిషి వచ్చాకే అక్కణ్ణుంచి కదలాలి. ఆ చివరి మనిషికి బృందంలో ముద్దుపేరు ‘తోక’. ఆ రోజు తోక పిట్టే.

“ఏమే, అంత చదువూ చదివి చివరికి తోకవయ్యావా?” అంది పిన్ని, గేటు దగ్గర హెల్మెట్ పట్టీతో కుస్తీ పడుతూ. పిన్నిది చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని. యాభై దాటాక సైకిల్ నేర్చుకుంది. అడవిలోకి రావడం ఇదే మొదలు.

“నవ్వులాట కాదు పిన్నీ. నిన్ను మలుపు దగ్గర నిలబెడితే ఈ కోటు కనబడేదాకా కదలకు. ఎవరు పిలిచినా వెళ్ళకు.”

“మీ మాస్టారు పిలిచినా?”

“ఆయన పిలిచినా సరే.”

“ఆయన వింటున్నాడే!” అంది పిన్ని. మాస్టారు విననట్టే గొంతు సవరించుకున్నారు.

మధ్యాహ్నం దాకా అంతా సాఫీగానే సాగింది. గుట్ట దిగేచోట కంకర మీద బృందంలోని బేకరీ ఆయన చక్రం జారింది. ఆయన ముందుకు పడి చెయ్యి ఆనించాడు. చూస్తుండగానే మణికట్టు బూరెలా పొంగింది. మిగతావాళ్ళు అప్పటికే ముందుకు వెళ్ళిపోయారు. దగ్గరున్నది పిట్ట, మందులషాపు ఆవిడ మాత్రమే.

“అక్కా, ఇక్కణ్ణుంచి మీరే తోక. నేను ఈయన్ని జీపుదారిన తారురోడ్డుకి తీసుకెళ్తా.”

“అలాగేలే. నీకన్నా లావుపాటి తోక దొరికింది వాళ్ళకి,” అని ఆవిడ సైకిలెక్కింది.

పిట్ట బేకరీ ఆయన్ని నడిపించుకుంటూ రోడ్డు దాకా చేర్చి, ఆసుపత్రివైపు వెళ్తున్న వ్యాను ఆపి ఎక్కించింది. తర్వాత రోడ్డు మీదుగానే గేటుకు బయల్దేరింది. దారిలో గాలి లేచింది. మొదట దుమ్ము, ఆ వెనక ఎండుటాకులు, ఇంకాసేపటికి చిన్న కొమ్మలు రోడ్డుకు అడ్డంగా దొర్లుకుంటూ పోతున్నాయి.

గేటు దగ్గర షెడ్డు కింద అందరూ ఉన్నారు. పిన్ని లేదు.

“పిన్నేది?”

మందులషాపు ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నీతో రాలేదూ? మలుపు దగ్గర నిలబడి ఉంటే రమ్మని బతిమాలానమ్మా. ‘మీరు తోక కాదు, మీకు కోటు లేదు, నేను కదలను’ అంది. నువ్వు ఆయన్ని వ్యానెక్కించి మళ్ళీ ఆ దారికే వస్తావనుకున్నా. ఎలాగూ నీతో వస్తుందిలే అని…”

పిట్ట తల వంచి చూసుకుంది. నారింజరంగు కోటు తన ఒంటిమీదే ఉంది. పని అప్పజెప్పింది గానీ కోటు విప్పి ఇవ్వలేదు.

“ఏ మలుపు?” అన్నాడు గార్డు.

“చెట్లు నరికిన మైదానం పక్కది,” అంది మందులషాపు ఆవిడ.

గార్డు జీపు తాళాలు అందుకున్నాడు. “పక్కనున్న చెట్లు నరికేస్తే మిగిలినవాటికి గాలినుంచి అడ్డు ఉండదు. పైగా మొన్నటి వానకి వేళ్ళు వదులయ్యాయి. నేను జీపు తీస్తా. చుట్టూ తిరిగి వెళ్ళాలి. మీరెవరూ లోపలికి అడుగు పెట్టకండి.”

జీపు అటు తిరిగిందో లేదో, పిట్ట గేటు పక్క సందులోంచి సైకిల్ దూర్చింది.

“ఆగు పిట్టా! నువ్వూ ఇరుక్కుంటే?” మాస్టారు కేకేశారు.

“నేనొస్తానని నిలబడింది మాస్టారూ!”

లోపల అడవి పొద్దున చూసిన అడవి కాదు. పైన్ చెట్లు మొదళ్ళ దాకా ఊగుతూ, తుప్పుపట్టిన తలుపుల్లా కిర్రుకిర్రుమంటున్నాయి. సూర్యుడు పూర్తిగా దిగకముందే చెట్లకింద చీకటి మూగింది. ఎక్కడో ఫట్టుమని విరిగిన చప్పుడు, వెంటనే బరువుగా కూలిన చప్పుడు. అది ముందో, వెనకో తెలియలేదు. పిట్ట తెల్ల గీతల కోసం వెతికింది. కనబడలేదు. ఒకచోట దారి తప్పానేమోనని ఆగింది. వెంటనే మళ్ళీ సైకిలెక్కింది. ఇంక ఆగకూడదనుకుంది. ‘మొక్కుబడికి చెప్పి ఊరుకోక, అంత గట్టిగా ఎందుకు చెప్పాను? పిన్నికి నా మాటంటే శాసనమని తెలీదూ? చదువుకున్న పిల్ల చెప్పిందంటే కళ్ళు మూసుకుని చేస్తుందని తెలీదూ?’

మలుపు వచ్చింది. బాణం గుర్తున్న స్తంభం ఉంది. దాని పక్కన మనిషి చుట్టుకొలతంత కొమ్మ పడి ఉంది. దాని కిందినుంచి పిన్ని సైకిల్ వెనకచక్రం బయటికి పొడుచుకొచ్చింది.

పిట్ట పైప్రాణాలు పైనే పోయాయి. కొమ్మ మీద పడి రెండు చేతులా ఆకులు పీకింది. కింద చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. చక్రం, సీటు, తెగిన చైను. మనిషి లేదు.

“పిన్నీ!”

గాలి ఆ పిలుపును నోటిదగ్గరే లాక్కుపోయింది. మళ్ళీ అరిచింది. అప్పుడు నరికిన మైదానం వైపునుంచి ఒక గొంతు వినిపించింది. మాట్లాడుతున్నట్టు లేదు, పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది. “కాలరు కుట్టాలి, భుజాలు కలపాలి, చేతులు ఎక్కించాలి, పక్కలు మూయాలి, కఫ్ వెయ్యాలి…”

పెద్ద మొద్దు వెనక పిన్ని ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్ళు స్తంభం మీదే ఉన్నాయి గానీ, కంటిముందుకు వచ్చిన పిట్టను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

“వచ్చావా? ఎక్కడ తెగిపడ్డావే, తోకా?” అంది. పెదాలు వణుకుతున్నాయి. “కొమ్మ పడుతుంటే ఉరికాను. చీలమండ బెణికింది. ఇక్కణ్ణుంచి మలుపు కనబడుతుందని ఇక్కడే కూలబడ్డాను. భయమేసి చొక్కా కుట్టడం మొదలుపెట్టా. ఇప్పటికి ఎన్ని చొక్కాలయ్యాయో!”

“ఆవిడతో ఎందుకు రాలేదు పిన్నీ?”

“నువ్వొచ్చి, నేను కనబడకపోతే? పిచ్చిదానిలా అడవంతా వెతకవూ?”

పిట్ట నోరు విప్పబోయేలోగా స్తంభం వెనక పైన్ చెట్టు వేళ్ళతో సహా లేచింది. నేల ఊపిరి తీసుకున్నట్టు ఉబికింది. పిన్ని పిట్టను లాగి మొద్దుకు అదిమింది. చెట్టు కూలింది. కాళ్ళకింద భూమి దడదడలాడింది. మట్టి, నీళ్ళు, సూదుల్లాంటి పైన్ ఆకులు వాళ్ళమీద కురిశాయి. కళ్ళు తెరిచేసరికి స్తంభం లేదు, మలుపు లేదు, పిట్ట వచ్చిన దారి లేదు.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. ఏ చెట్టు కిర్రుమన్నా పిన్ని వేళ్ళు పిట్ట మెడలో గుచ్చుకునేవి. వెళ్ళడానికి దారి లేదు, కూర్చోవడానికి ధైర్యం లేదు. గాలి మధ్యలో ఎప్పుడో జీపు హారను వినిపించింది. గార్డు మైదానం అవతలి అంచునుంచి లైటు ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. “బతికారా!” అన్నాడు, తిట్టులా. అతనూ పిట్టా కలిసి పిన్నిని మోశారు. జీపులో పిన్ని ఒక్క మాటే అంది: “ఫ్యాక్టరీలో రేపు సెలవు చెప్పాలి.”

పిన్ని చీలమండ కుదురుకుంది గానీ పూర్తిగా కాదు. కుట్టుమిషను తొక్కగలదు, సైకిల్ తొక్కలేదు. బృందంలో ఇప్పుడు తోక మారాలంటే కోటు విప్పి ఇచ్చాకే మారతారు. కొత్తవాళ్ళకు ఆ నియమం చెబుతారు. అది ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు తక్కువ.

మీరు ఎప్పుడైనా నలుగురితో కలిసి సైకిళ్ళమీద అడవిలోకి వెళ్తే, ఏదో ఒక మలుపు దగ్గర ఎవరో నిలబడి మీకు చెయ్యి చూపిస్తారు. మీరు తల ఊపి ముందుకు సాగిపోతారు, అందరూ చేసేది అదే. ఆ పక్కనే, చెట్లు విరిగిపడుతుంటే కూడా, తనకోసం వెతుక్కునే మనిషికి దొరకాలని, వణికిపోతూనే కూర్చున్న ఒక కుట్టుపని ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.