తేలిన మాట

ఏటా ఎండాకాలం, తాగునీటి కోసం సాగర్ కుడికాలవకి నీళ్ళు వదలగానే, హర్ష మాచర్లలో తన మోటారు వైండింగ్ షాపు నాలుగు రోజులు మూసేసేవాడు. సాగర్ జాలర్ల దగ్గర పాత ఫైబరు పడవ ఒకటి కొని, ఇంజను తనే బాగుచేసుకున్నాడు. అందులో బియ్యం, చిన్న గ్యాస్ పొయ్యి, ఎండకి టార్పాలిన్ సర్దుకుని భార్య ప్రత్యూషతో బయల్దేరేవాడు. కాలవ వెంట బుగ్గవాగు రిజర్వాయరు దాకా, దాన్ని దాటి మళ్ళీ కాలవలో నకరికల్లు వైపు. షట్టర్లు అడ్డమొచ్చిన చోట కాలవ కాపలా చూసే లస్కర్లు పడవని ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కించి అవతల దించేవాళ్ళు.

"జనం పెళ్ళాన్ని ఊటీ తీసకపోతారు. నువ్వేందిరా కాలవలో తిప్పుతావు?" అని తెలిసినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ప్రత్యూషకి ఆ నాలుగు రోజులే ఇష్టం. షాపులో పొద్దస్తమానం గ్రీజు చేతులతో చిరాగ్గా ఉండే మనిషి పడవలో తనే అన్నం వండి, చేపముళ్ళు ఏరి పెట్టేవాడు.

కాలవ మీద అన్న మాట నీళ్ళలో పడి నీళ్ళతో పాటే పోతుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందుకే గట్టు మీద ఎవరూ పెళ్ళి సంబంధాల సంగతి ఎత్తరు. నకరికల్లులో బిందె ముంచితే ఒక్కోసారి పైఊరి అత్తాకోడళ్ళ తిట్లు వినపడతాయి. ఆడవాళ్ళు వినీ విననట్టు బిందె నడుముకెత్తుకుని పోతారు. రిజర్వాయరులో మాత్రం మాట పారదు, మునిగిపోతుంది. నీళ్ళు బాగా దిగిపోయిన ఏడు ఎప్పటివో మాటలు పైకి తేలతాయి.

కాలవలో ఇంజను ఆపి, పడవని వాలుకి వదిలేసి, ఇద్దరూ ఆ తిట్లు వింటూ నవ్వుకునేవాళ్ళు. బుగ్గవాగు రాగానే మాత్రం హర్ష ఇంజను జోరు పెంచేవాడు. అవతలి ఒడ్డు చేరేదాకా ఆపేవాడు కాదు. "ఇక్కడ గాలెక్కువ" అనేవాడు.

ఈ ఏడు బుగ్గవాగు గట్టు మీద లస్కరు సాంబశివరావు ఎదురొచ్చాడు. "నీళ్ళు చానా దిగినయ్ రా అబ్బాయ్. పదేళ్ళలో ఇంత దిగటం నేను చూళ్ళా. పాత మాటలన్నీ తేలతన్నయ్. మొన్న మా నాయన గొంతు వినపడింది, గొడ్లని అదిలిస్తా."

హర్ష నీళ్ళకేసి చూశాడు. "ఈసారి ఇక్కణ్ణుంచే వెనక్కి పోదామా?" అన్నాడు భార్యతో.

"ఎందుకూ? సగం దూరం కూడా రాలేదుగా."

హర్ష ఇంజను తాడు లాగాడు.

రిజర్వాయరు నడిమధ్యలో నాచు ఇంజను కింది రెక్కలకి చుట్టుకుంది. ఇంజను రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది. హర్ష కత్తి తీసుకుని పడవ అంచు మీద వంగి నాచు కోయడం మొదలుపెట్టాడు. మరీ తొందరగా కోస్తున్నాడు, వేలు తెగినా చూసుకోలేదు. ఎండకి నెత్తి మాడుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. ముందు ఎవరో నీళ్ళ వంతు కోసం కొట్లాడుకున్న మాటలు తేలాయి. తర్వాత ఎవరో మేకల్ని పిలిచారు. ఆ తర్వాత పడవ పక్కనే ఒక ఆడగొంతు.

"నాయనా హర్షా, ఆగు."

అది బసవమ్మ గొంతు. ప్రత్యూష తల్లి. ఆమె చనిపోయి తొమ్మిదేళ్ళు.

"శుక్రవారం నాకు గుంటూరులో ఆపరేషను. గుండెకి. ఎట్టుంటదో ఏమో. మీ మామ కూడా సరేనన్నాడు. పిల్లని ఒక్కసారి పంపించు నాయనా, చూసుకుంటా."

తర్వాత హర్ష గొంతు, ఇప్పటికన్నా పల్చగా: "చెప్పా అత్తయ్యా. రానంది. అమ్మ లేదనుకున్నానంది."

మళ్ళీ బసవమ్మ గొంతు:

"అట్టందా... సరేలే. ఇదిగో, గోంగూర పచ్చడి. దానికిష్టం. నేనిచ్చానని చెప్పమాక, తినదు. బజార్లో కొన్నానని చెప్పు."

అప్పట్లో ప్రత్యూష ఆ పచ్చడి తిన్నది. "అచ్చం మా అమ్మ చేతిదే" అంటే, "గోంగూర ఎవరు నూరినా అంతేలే" అన్నాడు హర్ష. సీసా సగం కాకముందే అమ్మ పోయిందని ఫోను వచ్చింది. కులం కానివాణ్ణి చేసుకుందని రెండేళ్ళుగా మాటల్లేని తండ్రి వెంకట్రామయ్య శవం పక్కనుంచి లేచొచ్చి గుమ్మంలోనే ఆపేశాడు. "పిలిస్తే రానిదానివి, పోయాక ఎందుకొచ్చావ్?" అన్నాడు. తనని ఎవరు పిలిచారో ఆమెకి అర్థం కాలేదు. దారంతా హర్షని అడిగింది. "ఏడుపులో ఏదో అన్నాడులే" అన్నాడతను.

హర్ష చేతిలో కత్తి, నాచు అట్లాగే ఉన్నాయి.

"ఎందుకు?" అంది ప్రత్యూష.

"ఆ గట్టు మీదే నన్నాపి అడిగింది. నువ్వు పోతే మళ్ళీ రావనుకున్నా. అప్పుడు మనకేముంది, రేకుల గది తప్ప? ఆపరేషను అయినాక చెబుదామనుకున్నా. ఆమె పోయింది. ఆ తర్వాత ఎట్టా చెప్పను?"

"మా నాయన నన్ను దొంగలా గుమ్మంలో నిలబెట్టినప్పుడు నా పక్కనే ఉన్నావుగా హర్షా. అప్పుడన్నా నోరు రాలేదా?"

ప్రత్యూష తాగేనీళ్ళ క్యాను వంపేసింది. తల్లి గొంతు ఇంకా సన్నగా తిరుగుతున్న చోట ముంచి, నిండా పట్టి, మూత పెట్టింది. "ఒడ్డుకి పోనీ" అంది.

ఒడ్డున సాంబశివరావు క్యాను చూశాడు. "మూత గట్టిగా బిగించమ్మా. వంపినప్పుడు ఒక్కసారే పలుకుద్ది," అని బండి తీశాడు, ఆమెని బస్సు దగ్గర దింపడానికి. హర్ష వెంట రెండడుగులు వేశాడు. "నేనూ వస్తానే."

"రామాక" అంది ప్రత్యూష, వెనక్కి తిరగకుండానే.

మాచర్ల బస్సులో నరసరావుపేట, అక్కడ మారి చిలకలూరిపేట. క్యాను దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. స్పిన్నింగు మిల్లు వెనక సందులో ఆమె అక్క హిమజ ఇల్లు. తండ్రి ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు.

గేటు తీసిన హిమజ "నువ్వా!" అంది. లోపలికి రమ్మనలేదు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వెంకట్రామయ్య చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తను ఎంత చెప్పినా ఆయన నమ్మడు. ప్రత్యూష ఆయన పాదాల ముందు గచ్చు మీద క్యాను వంచింది. నీళ్ళు సన్నని ధారగా పడుతుంటే బసవమ్మ మాట్లాడింది. మొదటి మాటకే ఆయన చప్పున తిరిగాడు. "మీ మామ కూడా సరేనన్నాడు" దగ్గర తలొంచుకున్నాడు. హర్ష మాటలు పడినప్పుడు తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు. పచ్చడి మాట అయ్యేసరికి క్యాను తేలికైపోయింది.

వెంకట్రామయ్య క్యానుకేసి చూశాడు. "ఇంకొకసారి పొయ్యవే అమ్మా."

ప్రత్యూష క్యాను తలకిందులు చేసి చూపించింది. "లేవు నాయనా. ఒక్కసారే."

ఆయన లేచి, చెప్పులు విడిచి, ఆ తడి మీద నిలబడ్డాడు. నీళ్ళు వాలుకి గేటు కింద నుంచి వీధి కాలవలోకి జారుతున్నాయి. హిమజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ మాచర్ల పోతావా?" అన్నాడాయన.

"పోను."

"అట్టయితే లోపలికి పో. అక్క అన్నం పెడుద్ది" అన్నాడు. తను మాత్రం కదల్లేదు. ఎండకి గచ్చు ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.