రెండు రబ్బరు రింగులు

సోమవారం చేయాల్సిన పనులు నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాను.

ఎనిమిదికి నీళ్ల సీసాలు పెట్టెలో సర్దాలి, చీటీలు అంటించాలి.
ఎనిమిదిన్నరకి పెద్దింజనీరు గారితో బయల్దేరాలి.
పదింటికల్లా సీసాలు నీటి పరీక్షల ల్యాబులో ఇవ్వాలి. ఆలస్యమైతే తీసుకోరు.
నాన్న యూనిఫాం చొక్కాకి బొత్తాం కుట్టాలి.

బండి స్టార్ట్ కావాలని మాత్రం రాసుకోలేదు.

మా నీళ్ల సరఫరా ఆఫీసులో నేను జూనియర్ ఇంజనీరుని, నాన్న డ్రైవరు. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. ఉద్యోగంలో చేరిన రోజు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. అనుకున్నాం అనడం దేనికి, నేనే అన్నాను. ఆఫీసులో నిన్ను నాన్నా అని పిలవను, నువ్వూ నన్ను అమ్మాయీ అనొద్దు అని. ఆయన నవ్వి, సరే మేడమ్ అన్నాడు. ఇంట్లో మాత్రం ఇంజనీరమ్మా అని ఏడిపించేవాడు.

ఆఫీసు డీజిల్ కారు నాకంటే రెండేళ్లే చిన్నది. అంతకుముందు ఒకసారి దారిలో ఆగిపోయింది. ఇంకోసారి మొరాయిస్తే బండినీ మారుస్తాను, డ్రైవర్నీ మారుస్తానని పెద్దింజనీరు గారు అందరి ముందూ అన్నారు. స్టీరింగ్ లేకపోతే నాన్న ఏమైపోతాడో నాకు తెలుసు. సెలవు రోజు కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరుకోదు, ఏదో తొక్కుతూనే ఉంటుంది.

అందుకే శనివారం డీజిల్ ఫిల్టర్ నేనే మార్చాను. మా ఆఫీసు గుమాస్తా చూస్తుండగా మార్చాలని ఉబలాటం కూడా ఉంది, దాచడం దేనికి. ఆదివారం తీరిగ్గా తాను మారుస్తానన్నాడు నాన్న. పుస్తకంలో ఉంది, నాకొచ్చు అన్నాను. పాతది విప్పి కొత్తది బిగించాను. బండి మొదటిసారికే స్టార్టయింది. చదువంటే చదువే అన్నాడు గుమాస్తా. నాన్న నాకు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అందించాడు.

సోమవారం తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. పుస్తకం తెచ్చి బానెట్ మీద పరిచాను. హెడ్ లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ కాదు. ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉంది. ఇంజన్‌ని ముందుగా వేడి చేసే హీటర్ ప్లగ్గుల మీదికి పోయింది నా అనుమానం. ఒక్కొక్కదానికీ కరెంటు అందుతోందో లేదో చూస్తూ అరగంట గడిపాను. బండికి కూడా సోమవారమంటే బద్ధకమే అన్నాడు గుమాస్తా. ఎవరూ నవ్వలేదు.

నాన్న వెనకవైపు నుంచి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, సైలెన్సర్లోంచి పొగే రావట్లేదు. డీజిల్ అందట్లేదేమో. ఒకసారి ఫిల్టర్ చూద్దామా?"

"మొన్ననే కొత్తది వేశాం కదండీ. మీరు కాస్త పక్కకి జరగండి, నన్ను చూడనివ్వండి."

జరిగాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

తొమ్మిది దాటాక ఇక నాకేమీ తోచక పుస్తకం మూశాను. అప్పుడు నాన్న వచ్చి ఫిల్టర్ మీదున్న చేతి పంపు నొక్కాడు. గట్టిపడాల్సిన పంపు మెత్తగా దిగిపోతోంది. ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. ఫిల్టర్ విప్పాడు. కొత్త ఫిల్టర్‌కి దాని రబ్బరు రింగు ఉంది. పైన, అది కూర్చునే చోట, పాత ఫిల్టర్ రింగు అతుక్కునే ఉంది. నేను తీయలేదు. రెండు రింగుల సందులోంచి గాలి దూరి, ఆదివారమంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయింది.

నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. పాత రింగు గోటితో ఊడదీసి, ఎవరికీ కనబడకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఫిల్టర్ బిగించి, పంపు రాయిలా అయ్యేదాకా నొక్కాడు. బండి దగ్గినట్టు రెండుసార్లు ఊగి స్టార్టయింది. అప్పటికి తొమ్మిదిన్నర. ల్యాబుకి గంటన్నర దారి.

ఫిల్టర్ విప్పడం పైనుంచి చూసిన పెద్దింజనీరు గారు మెట్లు దిగొచ్చారు. "ఫిల్టర్ ఎవరయ్యా మార్చింది?"

గుమాస్తా నన్ను చూశాడు. నేనే సార్ అనడానికి ఎంతసేపు పడుతుంది?

"నేనే సార్. సరిగ్గా చూసుకోలేదు," అన్నాడు నాన్న.

అప్పుడైనా చెప్పొచ్చు. పెట్టెలో సీసాలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

వారం తిరక్కుండా నాన్నని గేటు దగ్గర వేశారు. రిటైరయ్యే దాకా పద్నాలుగు నెలలు అక్కడే స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు రాశాడు. నేను దాటేటప్పుడు లేచి నిలబడేవాడు. వద్దని చెప్పడానికి కూడా నాకు ముఖం చెల్లేది కాదు.

ఇంట్లో ఒక్కసారి అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నీ పట్టా గోడకి తగిలించడానికి మేకు కొట్టింది నేను. నా చేత్తోనే పీకమంటావా? అన్నం తిను, చల్లారిపోతోంది."

నాన్న పోయాక పెద్దింజనీరు గారి దగ్గరికెళ్లి నిజం చెప్పాను. ఆయనకి ఆ రోజే గుర్తు లేదు.

మీలో ఎవరైనా పాత బండికి డీజిల్ ఫిల్టర్ మారుస్తుంటే, కొత్తది బిగించే ముందు పైన వేలు పెట్టి తడమండి. పాత రింగు చేతికి తగిలితే మా నాన్నని ఒక్కసారి తలుచుకోండి. ఆ రోజు తప్పు ఆయనది కాదు.