నూకరాజు వదిలి వెళ్ళిన స్టూలు

నేను ఒక స్టూలుని. కాళ్ళు తుమ్మకర్ర, పైపలక పనస. ఎక్కి నిలబడడానికి పుట్టినదాన్నే గాని కూర్చోవడానికి కాదు. అయినా మనుషులు ఖాళీగా కనిపించిన దేనిమీదనైనా కూర్చుంటారు. కూర్చున్న మరుక్షణం కిందికి వంగి చూసి, "ఊగుతోందే" అని నన్ను తప్పుపడతారు. నా నాలుగు కాళ్ళలో ఒకటి మిగిలినవాటికంటే పావు అంగుళం పొడుగు. అది వడ్రంగి చేతకానితనం కాదు. కావాలని, కొలిచి మరీ ఉంచిన కాలు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. మీతో ముగ్గురు.

మండపేట మెయిన్ రోడ్డులో గ్రంధి కామేశం గారికి రంగుల కొట్టు ఉండేది. రంగులు, సున్నం, మేకులు, గొళ్ళేలు, ఇంటికి ఏం కావాలన్నా అక్కడే. పై అరలు అందుకోవడానికి ఆయన నన్ను చేయించారు. నన్ను వేసుకునే చోట, కౌంటరు వెనక, ఒక నాపరాయి మూల కుంగిపోయి ఉంది. రాయి లేపి సరిచేయిద్దామని వడ్రంగి అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ఒక రాయి కదిపితే పక్క రాయి కదులుతుందని, అక్కణ్ణించి గోడ దాకా పోతుందని, ఇళ్ళ మరమ్మతుల సంగతి తనకంటే ఎవరికి తెలుసునని నవ్వారు. "రాయి జోలికెళ్ళకు. కాలే కాస్త పొడుగుంచు" అన్నారు. అలా ఆ కుంగిన రాయి కొలతకి నేను పుట్టాను. ముప్పయ్యేళ్ళు ఆ చోట రవ్వంత కదల్లేదు.

ఆ కొట్టులో అసలు సరుకు రంగులు కాదని నా అభిప్రాయం. పొద్దున్న ఏడింటికల్లా కొట్టు అరుగు మీద తాపీ మేస్త్రీలు, రంగులేసేవాళ్ళు, గొట్టాలు బిగించేవాళ్ళు వచ్చి కూర్చునేవారు. కాసేపటికి గోడ చెమ్మెక్కిందనో, దొడ్లో గచ్చు పగిలిందనో ఇళ్ళవాళ్ళు వచ్చేవారు. ఎవరు ఏ వీధిలో పని చేస్తున్నారో, ఎప్పటికి ఖాళీ అవుతారో కామేశం గారు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చెప్పేసేవారు. ఆయన నోటివెంట 'బుధవారం వస్తాడు' అని వచ్చిందంటే ఆ మేస్త్రీ బుధవారం వెళ్ళి తీరవలసిందే. వెళ్ళకపోతే ఆయన తిట్టేవారు కాదు. మర్నాడు అరుగు మీద అందరికీ టీ వచ్చేది, ఆ ఒక్కడికీ వచ్చేది కాదు. పక్కవాడు ఊదుకుంటూ తాగుతుంటే అతను రోడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడు. రెండోసారి ఆ తప్పు చేసినవాళ్ళని నేను చూడలేదు.

తర్వాత ఊరి చివర అద్దాల షాపు వచ్చింది. అక్కడ రంగు యంత్రమే కలుపుతుంది. ఫోను చేస్తే డబ్బా గుమ్మంలోకి వస్తుంది. కొట్టుకి జనం పలచబడ్డారు. కామేశం గారి మోకాళ్ళు కూడా ఇక చాలన్నాయి. ఒక మధ్యాహ్నం అరలన్నీ ఖాళీ చేసి, నన్ను తీసుకెళ్ళి నూకరాజు మేస్త్రీ చేతికిచ్చారు. నూకరాజు పొట్టివాడు, పనిమంతుడు, ఆ అరుగు మీద ఇరవయ్యేళ్ళు టీ తాగినవాడు. దీని కాలు సంగతి నీకు తెలుసుగా, ఎక్కడ వేసినా కింద అట్టముక్క పెట్టుకో అని చెప్పి ఆయన తాళం వేసేశారు. నాకు ఏడుపొచ్చింది. కర్రకి ఏడుపేమిటని మీరనవచ్చు. వానాకాలంలో నా పలక ఎందుకు ఉబ్బుతుందనుకున్నారు మరి?

నూకరాజు చేతికి ఎవరూ వంక పెట్టలేరు. చిక్కంతా నోటితోనే. ఎవరు పిలిచినా రానని చెప్పడం అతనికి చేతకాదు. అరుగు పోయాక అతనికి ఫోనే అరుగైంది. అందులో అందరికీ "రేపొచ్చేత్తానండి" అనేవాడు. మాటలు కోటలు దాటేవి, కాలు గడప దాటేది కాదు. ఇళ్ళవాళ్ళకి నమ్మకం కుదరాలి గనక, మేస్త్రీలందరికీ ఉన్న అలవాటే అతనూ పట్టుకున్నాడు. మొదటిరోజు గోడో గచ్చో మహా ఉత్సాహంగా పగలగొట్టేవాడు. సాయంత్రం వెళ్తూ సామానులో ఒకటి అక్కడ వదిలేసేవాడు. నా తాపీ ఇక్కడే ఉందండి, నేనెక్కడికి పోతానండి అనేవాడు. ఇళ్ళవాళ్ళు ఆ తాపీని చూసుకుని నిశ్చింతగా పడుకునేవారు. మర్నాడు అతను మరో ఇంట్లో మరో గోడ పగలగొడుతూ ఉండేవాడు.

అలా నేను ఇంటింటా జామీను ఉండడం మొదలుపెట్టాను. ఒకరింట్లో నెలన్నర పాటు నా మీద ఆవకాయ జాడీ పెట్టారు. ఇంకొకరింట్లో ఒక పెద్దాయన రోజూ నా మీద కూర్చుని, తలుపులేని స్నానాలగదికి కాపలా కాస్తూ పేపరు చదివేవాడు. ఇల్లు కట్టి చూడు అన్న మహానుభావుడు ఎవరో గాని, కట్టిన ఇంటిని బాగుచేయించి మాత్రం చూసి ఉండడు.

కిందటి జ్యేష్ఠ మాసంలో నన్ను రత్నమాణిక్యం గారింట్లో వదిలాడు. మాణిక్యం గారు జాకెట్లు కుడతారు. మెయిన్ రోడ్డులోనే ఒక చిన్న అద్దెగదిలో పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ మిషను తిరుగుతోంది, ఆ మిషను మీదే ఇల్లు నడుస్తోంది. ఆ గదుల వరసంతా పడగొట్టి మేడ కడతామని, ఆషాఢం ఆఖరుకి ఖాళీ చేయాలని ఓనరు చెప్పాడు. పక్కన గాజుల కొట్టు, ఆ పక్కన గడియారాలు బాగుచేసే కొట్టు అప్పటికే మూసేశారు. ఆవిడ మూయదలచుకోలేదు. ఇంటి ముందు వసారాలో పాత గచ్చు తీసి టైల్సు వేయించి, చుట్టూ గోడ లేపి, వీధివైపు తలుపు పెట్టించి, అందులో కొట్టు తెరుద్దామనుకున్నారు.

గడువు శ్రావణం మొదటి శుక్రవారం. ఆ నెలలో ఊరంతా కొత్త జాకెట్లు కుట్టించుకుంటుంది. అప్పుడు కొట్టు తెరిచి లేకపోతే ఆడవాళ్ళు ఆది జాకెట్టు పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. అక్కడ ఒకసారి చంక సరిగ్గా కుదిరిందంటే మళ్ళీ ఇటు రారు. పద్దెనిమిదేళ్ళ గిరాకీ ఒక్క నెలలో చేజారిపోతుంది. ఈ సంగతి ఆవిడ నూకరాజుకి రెండుసార్లు విడమరిచి చెప్పారు. అతను రెండుసార్లూ తలూపాడు. ఒక్కపూటలో పిట్టగోడ పడగొట్టి, గచ్చు తవ్వి, నన్ను మూల పెట్టి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. ఫోను చేస్తే దారిలో ఉన్నానండి అనేవాడు. వానలు పట్టుకున్నాయి. వసారాకి అడ్డంగా నీలం పట్టా కట్టారు. ఆషాఢం సగమైంది, ముప్పాతికైంది. ఓనరు తొందరపెట్టడంతో నెలాఖరుకి వారం ముందే అద్దెగది ఖాళీ చేసిన రోజున మాణిక్యం గారు మిషనుని, ఆది జాకెట్ల మూటల్ని ఆటోలో తెచ్చి లోపల మంచం మీద పెట్టారు. తర్వాత బయటికొచ్చి, ఇటుకముక్కల మధ్య నా మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆ ఒక్కసారైనా ఊగకుండా ఉండాలని ఎంతో ప్రయత్నించాను. ఊగాను.

మర్నాడు గాలికి పట్టా ఊడిపోయింది. దాన్ని కట్టడానికి నిచ్చెన కోసం ఆవిడ ఎదురింటి టీచరు గారి దగ్గరికి వెళ్ళారు. ఇస్తాను గాని అది మాది కాదు, నూకరాజుది, మా వంటింటి గట్టు పగలగొట్టి దాన్ని వదిలి వెళ్ళాడు అన్నారట టీచరు గారు. ఇద్దరూ కలిసి వీధిలోకి దిగారు. మూలింటికి వెళ్ళి ఆరా తీశారు. అక్కడ మేడమెట్ల పని ఆగిపోయి ఉంది, గచ్చు ఎత్తుపల్లాలు చూసే రసమట్టం ఉంది. నాలుగో ఇంట్లో తడిగోడ పెచ్చులు తీసి ఉంది, తాపీ, తట్టా ఉన్నాయి. నూకరాజు ఒకే వీధిలో నలుగురికి మాటిచ్చి, నాలుగిళ్ళలో తన సామాను పెట్టి, తను ఉత్త చేతులతో ఊరు తిరుగుతున్నాడు. నెల రోజుల తర్వాత మాణిక్యం గారు నవ్వడం అప్పుడే విన్నాను.

ఆ మధ్యాహ్నం నలుగురు ఇల్లాళ్ళూ మా వసారాలో కూర్చుని మాట్లాడుకున్నారు. తొందర ఎక్కువ గనక పని ముందు మాణిక్యం గారిది. తర్వాత టీచరు గారి వంటిల్లు, ఆ తర్వాత మెట్లు, ఆఖరున తడిగోడ. తడిగోడావిడ కాస్త నసిగింది. శ్రావణానికి నీ జాకెట్టు ముందు కుడతానని మాణిక్యం గారు అన్నాక ఒప్పుకుంది. సాయంత్రానికల్లా సామానంతా మా వసారాకి చేరింది. నేనూ నిచ్చెనా రసమట్టమూ ఒకచోట చేరి ఎన్ని నెలలైందో. పెళ్ళిలో కలుసుకున్న చుట్టాల్లా ఉన్నాం.

రెండు రోజుల తర్వాత ఇంకెక్కడో పని పడి, నూకరాజు రసమట్టం కోసం మూలింటికి వెళ్ళాడు. మాణిక్యం గారింట్లో ఉందన్నారు. సరే నిచ్చెనైనా పట్టుకుపోదామని ఎదురింటికి వెళ్ళాడు. అదీ మాణిక్యం గారింట్లోనే ఉందన్నారు. అతను పట్టా పైకెత్తి లోపలికి తొంగిచూసేసరికి, కడిగి తుడిచిన తన సామానంతా వరసగా పెట్టి ఉంది. పక్కన నా మీద టీ గ్లాసు ఉంది.

"ముందు టీ తాగండి నూకరాజు గారూ" అన్నారు మాణిక్యం గారు. "సామాను మాత్రం ఇక్కణ్ణించి కదలదు. ఈ పని అయ్యాక మీతోపాటే టీచరు గారింటికి వస్తుంది. నలుగురం అనుకున్న మాటే ఇది."

అతను గ్లాసు తీసుకున్నాడు గాని తాగలేదు. రెండో చేత్తో నా పైపలక తడిమాడు.

"కామేశం గారి అరుగున్నప్పుడు నేనిలాటోణ్ణి కాదండి" అన్నాడు. "ఎవరింటికెప్పుడెల్లాలో ఆయనే చెప్పేవోరు. ఇప్పుడు అందరూ నన్నే అడుగుతారండి. రానని ఎవరికీ చెప్పలేకపోయేనండి."

"నాకు చెప్పాల్సింది. ఇంకొకర్ని చూసుకునేదాన్ని" అన్నారావిడ. గొంతు పెంచలేదు. "నా కొట్టు కూడా పోయింది నూకరాజు గారూ. ఆ శుక్రవారం దాటితే నాకు ఇంకో కొట్టు లేదు."

అతను టీ తాగేసి, చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. తొమ్మిది రోజులు పొద్దున్న ఏడింటికి వచ్చి చీకటిపడే వేళకి వెళ్ళాడు. గోడ లేచింది, టైల్సు పడ్డాయి, తలుపు బిగింది. నా మీద నిలబడి పైకప్పుకి తెల్లరంగు వేశాడు. అరల వెనక గోడకి ఆవిడ కోరిన చిలకాకుపచ్చ వేశాడు. శుక్రవారం రేపనగా, గురువారం మధ్యాహ్నం, నిచ్చెన భుజాన వేసుకుని తక్కిన సామాను సర్దుకున్నాడు. నన్ను మాత్రం తీసుకోలేదు.

"స్టూలు ఇక్కడే ఉంటదండి" అన్నాడు.

ఆ మాట వినగానే మాణిక్యం గారి మొహం పాలిపోయింది. పాపం, ఆ మాటకి ఆవిడకి తెలిసిన అర్థం ఒక్కటే. ఏం మిగిల్చాడా అని గదంతా కలయదిరిగారు. గొళ్ళెం వేసి తీశారు, స్విచ్చులన్నీ నొక్కారు, కిటికీ రెక్కలు లాగి చూశారు, అరల మీద చెయ్యి ఆనించి బరువు మోపారు. వేలెత్తి చూపడానికి ఒక్కటీ దొరకలేదు.

"పనేం మిగల్లేదండి. గిరాకీ వచ్చినోళ్ళు కూకోడానికి ఉంచండి. కామేశం గారి కొట్లోదండి ఇది, కొట్లోనే ఉండాలండి" అన్నాడు నూకరాజు.

అని నన్ను ఎత్తి, కిటికీ పక్క మూలకి తీసుకెళ్ళి పెట్టాడు. పెట్టి, అలవాటుకొద్దీ అరచేత్తో నొక్కి చూశాడు. నేను ఊగలేదు. నా కింద అట్టముక్క లేదు. అతను మళ్ళీ నొక్కాడు. నా పొడుగు కాలు కిందున్న టైలు పావు అంగుళం కుంగి ఉంది. రసమట్టం చేతిలో పెట్టుకుని తొమ్మిది రోజులు పనిచేసిన మనిషి ఆ మూల ఎలా తప్పాడో, అసలు తప్పాడో లేదో, నేను చెప్పలేను. అతను నాకేసి ఒకసారి చూసి, చెప్పులేసుకుని టీచరు గారింటికి వెళ్ళాడు.

శుక్రవారం కొట్టు తెరిచారు. ఆది జాకెట్లు పట్టుకుని పాతవాళ్ళందరూ వచ్చారు, ఎవరూ ఎటూ పోలేదు. నా మీద కూర్చుని కొలతలు, మెడలు, చేతులు అన్నీ తీరిగ్గా మాట్లాడుకుంటారు. మాటల్లో మాటగా, ఈ గది ఎవరు కట్టారని అడుగుతారు. నూకరాజు ఎప్పుడు దొరుకుతాడని అడుగుతారు. ప్రస్తుతం మూలింటి మెట్ల దగ్గరున్నాడు, వచ్చే మంగళవారం దాకా ఖాళీ లేడు అని మాణిక్యం గారు మిషను ఆపకుండానే చెబుతారు. రోజూ పొద్దున్న అతను మా గుమ్మం ముందు ఆగి, ఆ రోజు ఎవరింటికి వెళ్ళాలో ఆవిణ్ణే అడుగుతున్నాడు, టీ తాగి వెళ్తున్నాడు. ఒకరోజు మెట్ల పనికి వెళ్ళకుండా ఎగ్గొట్టాడు. మర్నాడు ఆవిడ టీ ఇవ్వలేదు. ఈ పద్ధతి ఆవిడకి ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు.

మొన్న కామేశం గారు వచ్చారు. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, భార్య ఆది జాకెట్టు మాణిక్యం గారికిచ్చి, నన్ను చూసి మొహమంతా నవ్వుతో కూర్చున్నారు. నా పైపలక మీద ఆయన బరువు పడగానే నాకు ముప్పయ్యేళ్ళూ వెనక్కి వచ్చినట్టైంది. కూర్చున్నాక, నా ఊగే అలవాటు తెలిసిన మనిషి గనక ఇటూ అటూ కాస్త ఒరిగి చూశారు. నేను రాయిలా ఉన్నాను. ఆయన నవ్వు ఆగింది. మెల్లగా కిందికి చూశారు. చెప్పులోంచి కాలి బొటనవేలు బయటికి తీసి, నా పొడుగు కాలు పక్కన టైలు అంచు తడిమారు.

"ఈ గచ్చు నూకరాజు వేసిందేనామ్మా?" అని అడిగారు.

"ఔనండి. బాగా వేశాడండి" అన్నారు మాణిక్యం గారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

కామేశం గారు వేలు మళ్ళీ చెప్పులో పెట్టుకున్నారు. "బాగా వేశాడమ్మా" అన్నారు. జాకెట్టు కొలతలు రాసుకోవడం అయిపోయాక కూడా ఆయన చాలాసేపు నా మీదే కూర్చున్నారు.