పాడైన గరిటెల మూట

ముబషిరా ఫోన్లో ఫంక్షనల్ అనాలిసిస్ పుస్తకాలు పంతొమ్మిది ఉన్నాయి. బుర్రలోకి మాత్రం ఒక్కటీ దిగలేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది పిల్ల పరిస్థితి. ఉదయగిరి నుంచి రోజూ బస్సులో ఆత్మకూరు పోయి డిగ్రీ చివరేడు లెక్కలు చదువుతోంది. నెలాఖరున నెల్లూరు సెమినార్లో ఈ సబ్జెక్టు మీద మాట్లాడతానని తనే ఎగబడి పేరిచ్చింది. ఇప్పుడు భయం పట్టుకుంది. "ఉంటావో మానుకుంటావో సోమవారం చెప్పెయ్," అన్నారు లెక్కలు చెప్పే సుజన మేడం. మానుకుంటే లెక్కలు తనవల్ల కావని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. ఆ దిగులే పిల్లని తినేస్తోంది.

అడ్డం పడింది ఒక్క వాక్యం. అంతులేనన్ని దిశలున్న చోట, ఒక హద్దు లోపల ఎన్ని బిందువులున్నా అవి ఎక్కడా కిక్కిరియనక్కర్లేదట! రోజూ ఆత్మకూరు బస్సెక్కే మనిషి ఆ మాట ఎట్లా నమ్ముతుంది? కిక్కిరిసి తీరతాయని నిరూపించబోయింది. మూడు వారాలు, ప్రతిసారీ నడిమధ్యలో తెగిపోయేది, కాగితం చించి పారేసేది. ఆ కాగితాలు ఇంట్లో చెక్కి అమ్మే చెక్క గరిటెలకు చుట్టి పార్సిల్ కట్టడానికి పనికొచ్చేవి. పుస్తకాలేమో ఆ సంగతి రెండు లైన్లలో తేల్చేశాయి. తెలివి లేనిది తనకేనని తీర్మానించుకుంది.

ఆదివారం పక్కింటి నజ్నీన్ గరిటెలు చెక్కడం నేర్చుకుందామని వచ్చింది. ముబషిరా నాయనమ్మ బీబమ్మ చెక్కిన నున్నటి గరిటెలు అరుగు నిండా ఉన్నాయి. ముసలామె వాటి జోలికి పోలేదు. అటక మీది గుడ్డమూట దింపించి విప్పింది. అన్నీ విరిగినవి, చీలినవి, వంకరపోయినవి.

"మంచిదొకటి చూపియ్యరాదా దాదీ?" అంది నజ్నీన్.

"మంచిదాంట్లో ఏముండాదే చూసేదానికి? కత్తి ఏడ జారిందో దాంట్లో కనపడదు. ఇది చూడు, పొరకు ఎదురు చెక్కినాను, చీలింది."

ముబషిరా చేతిలోని ఫోన్ పక్కన పెట్టింది.

రిటైరైన లెక్కల లెక్చరర్ వరప్రసాదం సారు ఇల్లు ఆత్మకూరులోనే. వెళ్లి అడగమని మేడం ఎన్నిసార్లు చెప్పినా, మొద్దనుకుంటారని పోలేదు. సోమవారం పొద్దున్నే, కాలేజీకి ముందు, వెళ్లి తలుపు తట్టింది. సంగతి విని ఆయన బీరువా తెరిచారు.

"మంచి పుస్తకం ఇస్తానుండమ్మా."

"మంచివి శానా ఉండాయి సార్. మీరు నేర్చుకునేటప్పుడు తప్పులు చేసిన నోట్సు ఉంటే ఇయ్యండి."

ఆయన నివ్వెరపోయారు. "ముప్పై ఏండ్లు పాఠం చెప్పినాను. ఈ మాట ఒక్కరూ అడగలేదు," అంటూ లోపలి నుంచి అట్ట ఊడిన నోటుబుక్కు తెచ్చారు.

పేజీలకు పేజీలు కొట్టివేతలే. పదకొండో పేజీ దగ్గర ముబషిరా ఆగిపోయింది. కిక్కిరిసి తీరాలన్న నిరూపణ, అచ్చం తనదే, తనది తెగిన చోటే తెగింది. పక్కన సన్నటి అక్షరాలు: "నాలుగు నెలలు తప్పుదారి. దిశకొక్క బిందువు నిలబడితే ఏ రెండింటి మధ్యా దూరం తగ్గదు. దిశలకు కొదవ లేదు."

అంతేనా! ఈ లెక్కల బస్సులో ఎక్కే ప్రతి మనిషికీ కొత్త వాకిలి తెరుచుకుంటోంది, ఇంక తోపులాట ఎక్కడిది?

"మీకు నాలుగు నెలలు పట్టిందా సార్?"

"పట్టింది. నీకు?"

"మూడు వారాలే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ముబషిరాకు కళ్లనీళ్లు కూడా వచ్చాయి. దాచుకోలేదు.

"ఉంటాను మేడం. నా తప్పు చూపించే మొదలుపెడతాను," అని కాలేజీలో సుజన మేడంకి చెప్పేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాళ్ల నాన్న గఫార్ పార్సిల్ పెట్టెకు తాడు బిగిస్తున్నాడు.

"ఆగబ్బా!"

ముబషిరా పెట్టె విప్పి, గరిటెలకు చుట్టిన కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసి ఒళ్లో పెట్టుకుని సాపు చేయసాగింది.

"ఏందే ఇది? కట్టిన పార్సిల్ ఇప్పుతుండావు?" అంది బీబమ్మ.

"నా పాడైన గరిటెలు దాదీ. ఊరు దాటి పోతుండాయి."

బీబమ్మ లోపలికి పోయి, ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చి మనవరాలి ముందు పరిచింది.