బ్లోయర్ చప్పుడు చాటున

ఆ మధ్యాహ్నం ఆమె చేతిలో ఉన్నవి మూడే: తుక్కుబుట్టలోంచి తీసిన పాత ఫోను, తన పేరు మీద తీసుకున్న సిమ్ము, నాలుగింటి దాకా గడువు. అందులో ఇంక పది నిమిషాలే మిగిలాయి.

మొన్న తమ కొట్టుకి ఫోను రిపేరుకొచ్చిన కస్టమరు ఒకామె, పెద్ద సర్వీస్ సెంటర్‌లో సూపర్‌వైజరట, గుడ్డ తెర వెనక ఈమె పనితనం చూసి చీటీ ఒకటి చేతిలో పెట్టింది. "శుక్రవారం నాలుగులోపు ఈ మెయిల్‌కి జవాబు పెట్టండి. సోమవారం నుంచి మా దగ్గర సీటు మీదే."

పెట్టడం ఎలా? ఆమె ఫోనులో ప్రతి అక్షరమూ మొగుడి ఫోనులో కనబడుతుంది. "నీ మంచికేనే, ఎక్కడున్నావో తెలియాలిగా" అంటూ ఆయనే ఎక్కించిన యాప్ అది. ఇంటి వైఫై తాళమూ ఆయన దగ్గరే. ఈ పాత ఫోను సిస్టమ్ మాత్రం ఊరందరూ వాడేది కాదు. "దీనికో గతీ గోత్రం లేదు, ఏ యాపూ ఎక్కదు" అని ఆయనే బుట్టలో పడేశాడు. ఆయన చూసిన లోపమే ఆమెకు లాభంగా తోచింది. ఆమె బేరం తెలిసిన మనిషి.

సిగ్నల్ నిండుగా ఉంది, నెట్టు మాత్రం లేదు. ఇలాంటి ఫోన్లకు కంపెనీ సెట్టింగులు వాటంతటవి రావు, నెట్టుకు దారి చూపే ఏపీఎన్ వివరాలు చేత్తో కొట్టాలి. తొమ్మిదేళ్లుగా తెర వెనక ఆమె చేస్తున్న పనే. తెర ముందు ఆయన "రెండు నిమిషాల్లో చేసిచ్చా, చూశారా!" అనేవాడు. "కూర్చుని చేసేదేగా, కష్టమేముంది?" అనేది అత్తగారు.

కొట్టింది. ఇక ఆపి, మళ్లీ ఆన్ చెయ్యాలి. ఆన్ అయ్యేటప్పుడు ఈ ఫోను పాట పాడుతుంది, సౌండ్ తీసేసినా సరే. ఆయన తెరకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె వేడిగాలి బ్లోయర్ పెద్దగా పెట్టి, బటన్ నొక్కింది.

"ఏమే, ఆ బ్లోయర్ ఆపవేం? కరెంటు మీ నాన్న ఇస్తున్నాడా?"

"అయిపోవచ్చిందండీ."

తెర అవతల కుర్చీ కిర్రుమంది. నెట్టు ఇంకా రాలేదు. ఏం తప్పు చేశాను? అడుగుల చప్పుడు. ఒక్కసారిగా గుర్తొచ్చింది: ఆపి ఆన్ చేస్తే ఈ రకం ఫోన్లలో డేటా దానంతటదే ఆగిపోతుంది. వంద ఫోన్లలో తనే సరిచేసిన లోపం! డేటా బటన్ నొక్కింది. ఫోను మూలన నెట్టు బాణాలు రెండు వెలిగాయి. "వస్తున్నాను" అని చీటీలోని మెయిల్‌కి కొట్టి పంపింది.

తెర లేచింది.

"ఎవరిదది?"

ఆ ప్రశ్నకు తొమ్మిదేళ్లుగా ఎవరో కస్టమరు పేరు చెప్పడమే అలవాటు.

"నాది."

ఆయన పగలబడి నవ్వాడు. "ఈ తుక్కా? దీంట్లో నెట్టే రాదు కదే, పిచ్చిమొహమా!"

తెర వాలింది. లెక్క చూసుకుంటే భయం గోరంతైనా తగ్గలేదు, గుండె బ్లోయర్‌ను మించి మోగుతోంది. మిగిలిందల్లా ఆయనకు కనబడని జానెడు చోటు. సోమవారం పొద్దున అందులోంచే ఆమె నడిచి వెళ్తుంది.