రాతి మీద ఏడో పేరు

మా ఇంట్లో ఎవరూ "పోతాను" అనకూడదు. పాల ప్యాకెట్టు కోసం సందు చివరికి వెళ్ళినా సరే, "వెళ్ళొస్తాను" అనాలి. మా సింధూరి చిన్నప్పుడు ఒకసారి "బడికి పోతున్నా" అంటే వెనక్కి పిలిచి, మంచినీళ్ళు తాగించి, సరిగ్గా "వెళ్ళొస్తాను" అనిపించి పంపాను. బడికి ఆలస్యమైంది. అయితేనేం, క్షేమంగా తిరిగొచ్చింది కదా!

ఆ పిల్లే ఇప్పుడు పార్కులు గీసే చదువు చదివి, మొదటి పనిగా బుడమేరు వరద జ్ఞాపకంగా మా కాలనీకే పార్కు గీసింది. నీళ్ళు వచ్చినంత ఎత్తున గోడ చుట్టూ నీలం గీత, పడవల్లాంటి అరుగులు, మధ్యలో పేరు చెక్కిన రాయి. మా కాలనీలో వరదకి చనిపోయింది ఒక్కరే, మగ్గం నేసే వెంకటప్పయ్యగారు. ఆ గీత చూసి వరదకి మళ్ళీ దారి గుర్తొస్తుందేమోనని నాకు ఒకటే దిగులు.

"అమ్మా, వరదకి గీతలు చదవడం రాదే," అంది సింధూరి.

ఆదివారం పొద్దున కాలనీ మీటింగు. అందరూ ఒప్పుకుంటేనే పార్కు, లేకపోతే ఆ స్థలంలో కార్ల షెడ్డు. పిల్ల మొదటి పని ఏమవుతుందోనని దేవుడికి ముడుపు కట్టాను. పైగా రాయి చెక్కిన గుణదల జాన్‌బాబు ఇన్నాళ్ళూ చెక్కినవి సమాధి రాళ్ళేనట!

సింధూరి రాయి మీద కప్పిన గుడ్డ లాగింది. పైన పెద్ద అక్షరాలతో "పోయినవారు". కింద ఇరవై మూడు పేర్లు. ఏడోది నాది. సీతారావమ్మ, ఇంటి నంబరుతో సహా.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. ఊపిరి ఆడుతోంది.

"ఓర్నాయనో, తొమ్మిదోది నేను!" అని అరిచింది మాణిక్యమ్మ. "మరి ఇందాక రెండు పెసరట్లు తిన్నదెవరే?"

సెక్రటరీ రామకోటేశ్వరరావుగారు తల గోక్కున్నారు. "వరదప్పుడు పాల ప్యాకెట్లు పంచడానికి నోట్‌బుక్కులో రెండు వరసలు రాశానమ్మా. మేడల మీద ఉన్నవాళ్ళు 'ఉన్నారు', పడవెక్కినవాళ్ళు 'పోయారు'. రాసే తొందరలో..."

సింధూరి నుదురు కొట్టుకుంది. "పేరు సరిగ్గా పడుతుందని జాన్‌బాబుగారికి ఆ పుస్తకమే ఇచ్చాను. 'పోయినవాళ్ళ పేరు ఇందులో ఉంది' అన్నాను. మర్యాదగా 'వాళ్ళు' అన్నానండీ, ఉన్నది ఒక్కరే!"

"పాపం ఇంతమందా అని నేను ఏడుస్తూ చెక్కానండీ," అన్నాడు జాన్‌బాబు.

"ఈ అపశకునం కంటే కార్ల షెడ్డే నయం," అన్నారెవరో వెనక నుంచి. చాలా తలలు ఊగాయి. సింధూరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వెంకటప్పయ్యగారి భార్య చౌడేశ్వరమ్మ రాయి దగ్గరికి వచ్చింది. మొదటి పేరు ఆయనదే. షుగరు మాత్రల కోసం పడవెక్కి, తిరిగి రాలేదు. ఆవిడ వేలితో పేర్లన్నీ లెక్కపెట్టింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని పరిగెత్తాను. తీరా చూస్తే నవ్వుతోంది!

"మా ఆయనకి కంకిపాడు ఒంటరిగా వెళ్ళాలన్నా భయం. ఇంతమందిని వెంటేసుకెళ్ళాడా! సీతారావమ్మగారూ, అక్కడ ఆయనకి కాఫీ అయినా పెట్టారా?"

"పంచదార వెయ్యాలో వద్దో తెలియక ఆగానండీ," అన్నాను. నేనే అన్నాను!

ఇక నవ్వులు ఆగలేదు. మాణిక్యమ్మ పొట్ట పట్టుకుని కూలబడింది. సెక్రటరీగారి కళ్ళజోడు కింద పడింది. చచ్చినవాళ్ళం ఇరవై రెండు మందిమీ ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వాం.

చౌడేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఈ పేర్లు ఇలాగే ఉంచమ్మా సింధూరీ. ఆయన్ని ఒంటరిగా పెట్టకు."

"పేర్లు ఉండనీ, ఆ పైమాట తీసెయ్!" అన్నాను. "పోయినవారేంటి? పడవెక్కుతూ నేను వెళ్ళొస్తాననే అన్నాను."

"మా ఆయనా అదే అన్నాడు," అంది చౌడేశ్వరమ్మ. "వెళ్ళొస్తానే అని."

సింధూరి సుద్దముక్కతో రాయి పైన రాసింది: "వెళ్ళొస్తామన్నవారు".

సెక్రటరీగారు అడగక ముందే అందరి చేతులూ లేచాయి. నేనైతే రెండూ ఎత్తాను.

జాన్‌బాబు ఉలి సంచి భుజాన వేసుకున్నాడు. "పైమాట రేపు మార్చేస్తానండీ. ఇక పోతాను."

"ఏమన్నారూ?" అంటూ ఆయన్ని గేటు దగ్గర ఆపి, మంచినీళ్ళు తెమ్మని సింధూరిని కేకేశాను.