గడ్డం కింద క్లిప్పు

ఆ ఇంట్లో వీధి తలుపు పక్కన మేకుకి ఒక నల్ల హెల్మెట్ వేలాడుతూ ఉంటుంది. దాని మీద దుమ్ము లేదు, చిన్న గీత కూడా లేదు. పెట్టుకున్న మనిషి పోయాడు గాని దానికి ఈగ వాలిన మచ్చయినా పడలేదు. ఆ నునుపు చూస్తేనే ఆ ఇంటావిడకి ఒళ్ళు మండుతుంది. అయినా రోజూ తుడుస్తుంది.

ఆవిడని పనిచేసే చోట అందరూ క్లిప్పులక్క అంటారు. బడి సంచులు కుట్టే కార్ఖానాలో పట్టీలకి ప్లాస్టిక్ క్లిప్పులు వేసే బల్ల ఆవిడది. క్లిప్పు నొక్కాలి, టక్కుమనాలి, ఆపైన గట్టిగా లాగి చూడాలి. నొక్కిన చెయ్యే లాగి చూడాలని అక్కడి కట్టుబాటు. పక్కవాళ్ళు చూస్తారులే అని వదిలేస్తే ఎవరూ చూడరు. కొత్తగా చేరిన అమ్మాయిలకి ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిన మనిషి, సొంత ఇంట్లో మాత్రం దాన్ని గాలికొదిలేసింది.

ఎలాగంటారా? ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. పొద్దున్నే స్కూటర్ గేటు బయట పెట్టి, హెల్మెట్ తలకి తగిలించుకుని, గడ్డం పైకెత్తి నిలబడేవాడు. ఈవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి క్లిప్పు పెట్టేది. పెళ్ళైన కొత్తలో మురిపెంగా మొదలైన పని, తర్వాత ఆ ఇంటి అలవాటైపోయింది. ఈవిడ రావడం ఆలస్యమైతే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. పట్టీ ఒరుసుకుంటోందంటే దాని కింద మెత్తటి గుడ్డ కుట్టిపెట్టింది కూడా. అన్నేళ్ళలో ఆ మహానుభావుడి వేళ్ళు ఆ క్లిప్పుని ముట్టుకున్న పాపాన పోలేదు.

ఆ రోజు తడి తువ్వాలు దగ్గర మాటా మాటా పెరిగింది. ఎన్నిసార్లు చెప్పినా పక్క మీదే పడేస్తాడని ఈవిడ, ఈ మాత్రం దానికి కొంపలు మునిగినట్టు అరుస్తావేమని ఆయన. బయట హారన్ రెండుసార్లు మోగింది. ఈవిడ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు మోగింది. ఒక్కరోజు తనే పెట్టుకుంటాడులే, చేతులు పడిపోయాయా అనుకుంది. వస్తే వచ్చింది, లేకపోతే లేదు, ఇలాగే పోతానని ఆయన అనుకున్నాడు కాబోలు. బండి కదిలిన చప్పుడు వీధి చివరి మలుపు దాకా వినిపించి, ఠక్కున ఆగిపోయింది.

మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక. బండి జారింది. హెల్మెట్ ముందే తల మీంచి ఎగిరిపోయి దొర్లుకుంటూ గడ్డిలో ఆగింది. తల వెళ్ళి రాతి అంచుకి తగిలింది.

అది మొదలు ప్రతి పొద్దునా ఆ వేళకి గేటు దగ్గర రెండు హారన్లు వినిపిస్తాయి. కాసేపాగి మళ్ళీ రెండు. తర్వాత బండి కదులుతుంది, మలుపు దగ్గర ఆగిపోతుంది. కూతురికి ఏమీ వినపడదు. ఈవిడ మాత్రం ఆ వేళకి కుళాయి బార్లా తిప్పేస్తుంది, గిన్నెలు ఎత్తి కుదేస్తుంది, అవసరం లేకపోయినా మిక్సీ వేస్తుంది. నీళ్ళ చప్పుడు లోంచి కూడా ఆ పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. ఒక్కసారి కూడా ఆవిడ గేటు దాకా వెళ్ళలేదు. వెళ్తే అక్కడ గడ్డం పైకెత్తి నిలబడి ఉంటాడేమోనని భయం. లేకపోతాడేమోనని అంతకంటే భయం.

ఇలాగే ఏళ్ళు గడిచి, కూతురికి ఉద్యోగం వచ్చింది. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. రక్త పరీక్షలు చేసే ల్యాబులో చేరింది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుని రావాలి. స్కూటర్ లేనిదే కుదరదు. ఆ వీధికి ఉన్న దారి ఒక్కటే, ఆ మలుపు తిరగక తప్పదు.

"నాన్న హెల్మెట్ ఉందిగా, కొత్తదెందుకు?" అంది పిచ్చుక, దాన్ని మేకు మీంచి తీసి నెత్తిన పెట్టుకుంటూ. "చూడు, అద్దంలా మెరుస్తోంది."

"తియ్యవే ముందు!" అని తల్లి పెట్టిన కేకకి పిల్ల బిక్కచచ్చిపోయింది.

"సరే, పెట్టుకోనులే. దుకాణంలో చూపించి అడుగుదాం. బాగుందంటే వాడతా, లేదంటే కొందాం. సరేనా?"

చివరికి దాన్ని సంచిలో వేసుకుని ఇద్దరూ బయల్దేరారు.

హెల్మెట్ల కొట్టు ఇరుకుగా ఉంది. నేల నుంచి కప్పు దాకా అరల నిండా ఖాళీ తలకాయలే. అన్నీ తన వంకే చూస్తున్నట్టనిపించి ఆవిడ తల దించుకుంది. కొట్టాయన మాత్రం మహా హుషారు మనిషి.

"పాపకి గులాబీ రంగు సగం హెల్మెట్ మీద మనసు పడినట్టుందే?" అన్నాడు పిచ్చుక చూపు పట్టేసి. "అందంగానే ఉంటుందమ్మా. పడితే మాత్రం నీ దవడ దానికి పట్టదు. మూతి కూడా మూసేది తీసుకో."

"ఊపిరాడదేమోనండీ."

"గాలికి కంతలున్నాయిలే. ఇది పెట్టి చూడు. బుగ్గలు నొక్కుకుపోవాలి. మూతి చేపలా అయితే సరిపోయినట్టు. కొత్తలో హాయిగా ఉందంటే అది వదులని అర్థం."

పిచ్చుక పెట్టుకుని, నొక్కుకుపోయిన మూతితో ఏదో గొణిగింది. తల్లికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి తనే ఉలిక్కిపడింది. ఆ కంగారులో కనపడ్డవన్నీ ఇమ్మంది. మోచేతులకి మెత్తలున్న జాకెట్టు, మోకాళ్ళ గార్డులు, మడమ దాటే బూట్లు.

"అమ్మా, నన్ను రక్తం తీసుకురమ్మన్నారే, యుద్ధానికి వెళ్ళమనలేదు!"

"నోర్మూసుకుని వేసుకో."

"తల్లి బెంగ తల్లిది, ఏమనకు పాపా," అన్నాడు కొట్టాయన. "గ్లవ్స్ కూడా తీసుకో. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. అరచేతుల తోలు ఊడితే సూది పట్టలేవు."

ఆ మాట మాత్రం పిచ్చుక చెవికెక్కింది. గ్లవ్స్ తనే ఏరుకుంది. అప్పుడు సంచిలోంచి నల్ల హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపలి మెత్తను బొటనవేలితో నొక్కితే పొడి రాలింది.

"పైన నిగనిగలాడుతోంది గాని లోపల చచ్చిపోయిందమ్మా ఇది. ఏళ్ళు గడిస్తే అంతే. ఎవరికీ ఇవ్వకండి, పట్టీ కత్తిరించి పారేయండి." పట్టీ మీద అతని వేలు ఆగింది. "ఈ గుడ్డ ఎవరు కుట్టారో గాని ఎంతో ప్రేమగా కుట్టారు. ఇది పెట్టుకునే పడ్డారా?"

కొట్టాయన కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ చటుక్కున హెల్మెట్ లాక్కుని గుండెలకి హత్తుకుంది. అతను ఇంకేమీ అడగకుండా కత్తెర లోపల పెట్టేశాడు.

దారిలో పిచ్చుకే అడిగింది. "అమ్మా, ఆ రోజు నాన్న క్లిప్పు ఎందుకు పెట్టుకోలేదు?"

"నేను పెట్టలేదు."

"ఏంటీ?"

"పిలిచాడే. రెండుసార్లు పిలిచాడు. నేను వెళ్ళలేదు. రోజూ నేనే పెట్టేదాన్ని, ఆ రోజు వెళ్ళలేదు." అన్నేళ్ళూ దాచుకున్న మాట నడివీధిలో బయటికొచ్చింది. "ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నాడు. రోజూ."

పిచ్చుక కళ్ళు తుడుచుకుని, కోపంగా అంది. "నాన్నకి చేతుల్లేవా అమ్మా?"

తల్లి చెయ్యి పైకి లేచింది. కొట్టలేకపోయింది. ఆ ఒక్క మాటా తనతో ఎవరూ అనలేదు, ఆ రోజు తర్వాత తనూ మళ్ళీ అనుకోలేదు. అనుకోవాలంటే ఆయన మీద జాలి అడ్డొచ్చేది. ఇంటికొచ్చాక నల్ల హెల్మెట్ మళ్ళీ మేకుకే తగిలించింది.

మర్నాడు పిచ్చుక ఉద్యోగంలో మొదటి రోజు. జాకెట్టు వేసుకుంది, గ్లవ్స్ తొడుక్కుంది, హెల్మెట్ పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి, గడ్డం పైకెత్తింది. ఎప్పుడో చిన్నప్పుడు చూసింది ఒంట్లో ఉండిపోయినట్టుంది. అచ్చం ఆ వాలకమే.

"నువ్వు పెట్టమ్మా. ఈ ఒక్కరోజూ."

తల్లి చేతులు వాటంతటవే లేచాయి. పిల్ల గడ్డం దాకా వెళ్ళాయి. ఆ పట్టీ పట్టుకోవాలని వేళ్ళు కొట్టుకుపోయాయి. బలవంతాన రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది.

"నేను పెట్టను. నువ్వే పెట్టుకో తల్లీ. నేను చూస్తుంటా."

పిచ్చుక మొహం చిన్నబోయింది. అయినా గ్లవ్స్ వేళ్ళతో తంటాలు పడి క్లిప్పు నొక్కింది. టక్కుమంది.

"లాగి చూడు."

"పెట్టాగా!"

"నొక్కిన చెయ్యే లాగి చూడాలి. లాగు."

లాగింది. ఊడలేదు. బండి వెళ్ళింది. తల్లి చెవి ఒగ్గి వింది. చప్పుడు మలుపు దాకా పోయింది, మలుపు తిరిగింది, పెద్ద రోడ్డు హోరులో కలిసిపోయింది. గోడకి చేరగిలబడి భోరుమంది పాపం.

ఏడుపు ఇంకా తగ్గలేదు, గేటు దగ్గర హారన్ మోగింది. రెండుసార్లు.

చెయ్యి అలవాటుకొద్దీ కుళాయి మీదికి వెళ్ళింది. తిప్పలేదు. తడిచేతులు తుడుచుకుంది. మేకు మీది నల్ల హెల్మెట్ తీసుకుని గేటు దాకా నడిచింది. గేటు బయట ఎవరూ లేరు. వీధంతా ఉత్త ఎండే.

హెల్మెట్ని ఆయన ఎత్తుకి పైకి పట్టుకుంది. పట్టీ రెండు కొసలూ కలిపి, గుడ్డ మెత్తగా ఉండేవైపు లోపలికి తిప్పి, క్లిప్పు నొక్కింది. టక్కుమంది. గట్టిగా లాగి చూసింది.

"ఆలస్యం చేశాను," అంది. "మీరూ తక్కువ వాళ్ళేం కాదు. చేతులు ఉంచుకుని పెట్టుకోకపోతే ఎలాగండీ?" క్లిప్పు మీంచి చెయ్యి తీసింది. "ఇక వెళ్ళిరండి."

ఈసారి మళ్ళీ హారన్ మోగలేదు. బండి కదిలిన చప్పుడయింది. గేటు పట్టుకుని ఆవిడ వింటూ నిలబడింది. చప్పుడు మలుపు దాకా వినిపించింది. మలుపు తిరిగాక కూడా వినిపించింది.